శంకరప్ప మార్చిన చిప్పు

పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే రోడ్డులో, ఊరు దాటీ దాటకముందే ఎడమ చేతి పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. శంకరప్ప షెడ్డు అంటే చాలు, చుట్టుపక్కల కార్లున్న వాళ్ళకీ జీపులున్న వాళ్ళకీ తెలిసిపోయేది. పని మంచిది, మనిషి మంచివాడు, కాకపోతే వట్టి భయస్తుడు అని ఊళ్ళో అతని గురించి ఒక మాట ఉండేది.

భయమంటే దయ్యాలకో పోలీసులకో భయపడడం కాదు. తన చేతి మీదుగా పోయిన బండికి ఎక్కడ ఏమవుతుందోనని భయం. చక్రం విప్పి బిగించాడంటే నట్లన్నీ మూడుసార్లు తడిమి చూసేవాడు. బండి రోడ్డెక్కాక వెనకాలే పరిగెత్తి, ఆపించి, నాలుగోసారి చూసిన రోజులు కూడా ఉన్నాయి. దూరాభారం పోయే బండయితే అది చేరిందని కబురొచ్చేదాకా అతనికి అన్నం సహించేది కాదు. భార్య రాములమ్మ రెండు ఆవులను మేపి డెయిరీకి పాలు పోసేది. "ఆవు ఈనేటప్పుడు గూడా నేను ఇంత బయపడనయ్యా. నువ్వు ఆయిలు మార్చినదానికే ఇట్లయితే ఎట్ల?" అని నవ్వేది.

ఆ భయానికి ఒక కారణం ఉంది. శంకరప్ప తండ్రి రాళ్ళు కొట్టే కూలీ. కొడుకు చేతికి సుత్తి రాకూడదని పదహారో ఏట పలమనేరులో గురుమూర్తి అనే మేస్త్రీ దగ్గర పనికి పెట్టాడు. నాలుగేళ్ళు గడిచాక ఒకరోజు పెళ్ళివాళ్ళను ఎక్కించుకుని గంగవరం వైపు పోతున్న జీపుకు ముందు చక్రం ఊడిపోయింది. జీపు వేరుశనగ చేలోకి దూసుకుపోయి ఆగింది. ఎవరూ చావలేదు గానీ ఒక ముసలమ్మ చెయ్యి విరిగింది. ఆ చక్రం ముందురోజు గురుమూర్తి షెడ్డులోనే బిగించారు. ఎవరు బిగించారో తేలలేదు. శంకరప్ప ఎంత ఆలోచించినా ఆ నట్లు తాను బిగించాడో, బిగించబోతూ ఇంకో పనికి లేచిపోయాడో గుర్తు రాలేదు. తప్పు చేశానని తెలిసి ఉంటే ఏడ్చి ఊరుకునేవాడేమో. తెలియకపోవడమే అతని లోపల ముల్లులా ఉండిపోయింది.

సొంత షెడ్డు పెట్టాక అతనికి పేరు తెచ్చింది అతని చెవి. బండి ఇంకా మలుపులో ఉండగానే శబ్దం విని, మూడో సిలిండరు సరిగా కొట్టడం లేదని చెప్పేవాడు. కార్బురేటర్ మీద చెవి వాల్చి, చిన్న స్క్రూ పావు తిప్పు తిప్పి, తల్లి బిడ్డను జోకొట్టినట్టు ఇంజన్ను నిదానానికి తెచ్చేవాడు.

అట్లాంటి మనిషి దగ్గరికి తొంభై ఏడో సంవత్సరంలో ఒక కొత్త రకం కారు వచ్చింది. బానెట్టు ఎత్తి చూస్తే కార్బురేటర్ లేదు. పెట్రోలు ఎంత పోయాలో, నిప్పురవ్వ ఎప్పుడు కొట్టాలో అంతా ఒక కంప్యూటర్ డబ్బా చూసుకుంటుందని ఆ కారు డ్రైవర్ చెప్పాడు. ఆ డబ్బా ముందు సీటు కాళ్ళ దగ్గర అట్ట వెనకాల ఉంది. శంకరప్ప బానెట్టు మూసేసి, "ఇది నా చేత గాదప్పా, బెంగుళూరు తీసుకోని పో" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఎంత సిగ్గయిందంటే, ఆ రోజు షెడ్డు మధ్యాహ్నానికే మూసేశాడు.

కానీ ఏడాది తిరిగేసరికి అట్లాంటివి ఇంకో నాలుగు వచ్చాయి. అప్పుడు నలభై దగ్గరపడిన శంకరప్ప బెంగుళూరులో తెలిసిన మెకానిక్ దగ్గర పది రోజులుండి నేర్చుకొచ్చాడు. ఒక వైరు ముక్కతో రెండు పిన్నులు కలిపితే మీటర్ల మధ్య లైటు మినుక్కుమంటుంది. అది ఎన్నిసార్లు మినుక్కుమంటే ఏ జబ్బో అంకెల లెక్కన ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాడు. లైటు మెరిసేటప్పుడు రెప్ప వేస్తే లెక్క తప్పుతుందేమోనని కళ్ళు నీళ్ళు కారేదాకా చూసేవాడు. ఏమైతేనేం, పుంగనూరులో కంప్యూటర్ బండి ముట్టుకునే మెకానిక్ అతనొక్కడే అయ్యాడు.

అందుకే రెండువేల మూడు ఫిబ్రవరిలో రాజగోపాల్ మదనపల్లె నుంచి అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు.

రాజగోపాల్ మదనపల్లె టమోటా మార్కెట్లో మండీ నడిపే మనిషి. ఏడేళ్ళ నాటి కారు ఒకటి పాతదిగా కొనుక్కుని ప్రాణంగా చూసుకునేవాడు. మూడేళ్ళుగా దాని మంచిచెడ్డలన్నీ శంకరప్పే చూస్తున్నాడు. ఆ రోజు రాజగోపాల్ జేబులోంచి అగ్గిపెట్టెకన్నా చిన్న డబ్బా తీసి శంకరప్ప అరచేతిలో పెట్టాడు. లోపల నల్లటి స్పాంజిలో గుచ్చి ఒక చిప్పు ఉంది. జెర్రి కాళ్ళలాగా రెండు పక్కలా సన్నటి కాళ్ళు.

"బెంగుళూరులో రేసు బండ్లు చేసేవాళ్ళ దగ్గర తెప్పించినా శంకరప్పా. కంప్యూటర్‌లో ఉండే చిప్పు తీసేసి ఇది పెడితే బండి గుర్రం మాదిరి పోతుందంట. మొన్న హార్స్లీ కొండ ఎక్కేటప్పుడు మా బావమరిది కొత్త బండిలో ఏసీ ఏసుకోని నన్ను దాటిపోయినాడు. పోతా పోతా చెయ్యి ఊపినాడప్పా!"

శంకరప్ప ఆ డబ్బాను వెనక్కి చాపాడు. "అన్నా, కంపెనీవాళ్ళు లెక్కజూసి పెట్టినదాన్ని మనం మార్చొచ్చునా?"

"మార్చేదానికే కదా ఊడొచ్చేట్ల పెట్టినారు. నీ చేత గాకపోతే చెప్పు, ఇంకొకరిని సూసుకుంటా."

ఇంకొకరి చేతిలో పడితే డబ్బా ఏమవుతుందో తలుచుకుని శంకరప్ప ఒప్పుకున్నాడు. బ్యాటరీ తీగె తీసేశాడు. ఒంటి మీద కరెంటు ఉంటే చిప్పు చచ్చిపోతుందని బెంగుళూరులో విన్నాడు గనక, ఇనుప స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. అట్ట విప్పి, డబ్బా తీసి, మూత తెరిచి, పాత చిప్పును అటు కాస్త ఇటు కాస్త ఎత్తుతూ ఊడదీశాడు. ఒక్క కాలు వంకరపోయినా కారు కదలదు. కొత్తది గుచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టాడు. తాళం తిప్పగానే ఇంజను ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. రాజగోపాల్ చప్పట్లు కొట్టాడు.

పాత చిప్పును ఏం చెయ్యమంటావని అడిగితే, "నీ దగ్గరే పెట్టుకో, నాకెందుకది" అన్నాడు రాజగోపాల్. శంకరప్ప దాన్ని స్పాంజిలో గుచ్చి బిస్కెట్ డబ్బాలో దాచాడు.

ఇద్దరూ కలిసి పలమనేరు రోడ్డులో బండి తోలి చూశారు. నిజం చెప్పాలంటే బండి పోయింది. కాలు మోపితే వీపు సీటుకు అతుక్కుంది. రాజగోపాల్ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. కానీ రోడ్డు ఎత్తెక్కే ఎగువ వచ్చి, నాలుగో గేరులోనే కాలు గట్టిగా తొక్కినప్పుడు శంకరప్ప చెవికి ఒక సన్నటి శబ్దం తగిలింది. రేకు డబ్బాలో చింతగింజలు వేసి ఆడించినట్టు, గలగలమని. రెండు క్షణాలు వినిపించి ఆగిపోయింది.

"అన్నా, నాకింగ్ కొడతాండాది. వినపడలేదా?"

"ఏం కొడతాండాది? నాకు పాటే వినపడతాండాది," అని రాజగోపాల్ టేపురికార్డర్ గొంతు పెంచాడు.

చిప్పుతో పాటు వచ్చిన కాగితాన్ని శంకరప్ప చదివించుకున్నాడు. మేలు రకం పెట్రోలే పొయ్యాలని అందులో ఉంది. ఆ రకం పెట్రోలు అప్పటికి బెంగుళూరులోనే గానీ మదనపల్లె బంకుల్లో దొరికేది కాదు. నిప్పురవ్వ ముందుగా కొట్టేట్టు ఈ చిప్పులో రాసి ఉంది. మామూలు పెట్రోలు దానికి తట్టుకోలేక లోపల వేళ తప్పి పేలుతోంది. ఆ దెబ్బలన్నీ పిస్టన్ నెత్తిన పడుతున్నాయి. ఈ సంగతి రాజగోపాల్‌కు ఫోను చేసి చెప్పాడు. "బయపడొద్దు శంకరప్పా, నువ్వు పెండ్లిచూపులకు పోయినప్పుడు గూడా బయపడే ఉంటావు," అని అతను నవ్వేసి ఫోను పెట్టేశాడు.

అప్పటినుంచి శంకరప్పకు మనసు మనసులో లేదు. మదనపల్లె వైపు నుంచి ఎవరొచ్చినా, "రాజగోపాలన్న బండి కనపడిందా?" అని అడిగేవాడు. కనపడిందంటే ఆ పూట నెమ్మది. షెడ్డు ఫోను మోగితే చేతిలో ఉన్నది జారిపోయేది.

అసలు దిగులు వేరే ఉంది. రాజగోపాల్ కూతురు దీప కుప్పంలో కాలేజీ చదువుతూ హాస్టల్లో ఉండేది. పదిహేను రోజులకొకసారి శనివారం రాజగోపాల్ తానే కారు తోలుకుని పోయి ఆ పిల్లను ఇంటికి తెచ్చేవాడు. పలమనేరు దాటాక కుప్పం రోడ్డు కొంతదూరం అడివిలో పోతుంది. సాయంత్రమైతే ఏనుగులు రోడ్డు దాటే చోటు అది. ఆ ఎగువల్లో, ఎండల్లో, ఏసీ వేసుకుని బిడ్డతో వస్తుంటే పిస్టన్ పగిలితే? శంకరప్ప కళ్ళు మూసుకుంటే వేరుశనగ చేలో ఒరిగిన జీపు కనపడేది. జీపు పోయి కారయ్యేది.

ఏప్రిల్ రెండో వారంలో బండి ఆయిలు మార్చడానికి వచ్చింది. రాజగోపాల్ బండి వదిలి, ఊళ్ళో ఎవరినో కలవడానికి పోయాడు. శంకరప్ప ముందుగా ప్లగ్గులు విప్పాడు. ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు పెట్టి చూశాడు. రెండింటి తెల్లటి పింగాణీ మీద ఆవగింజలో పదో వంతు ఉండే మెరిసే చుక్కలు కనిపించాయి. అది పిస్టన్ లోహం. పిస్టన్ కరగడం మొదలైంది.

రాజగోపాల్ తిరిగొచ్చాక ప్లగ్గు చూపించాడు. "అన్నా, నా మాట విను. ఇది పిస్టను అన్నా, కరిగి ఈడ అతుక్కోనుండాది. పాత చిప్పే ఏసేద్దాం."

రాజగోపాల్ దాన్ని తిప్పి చూసి, "నాకేమీ కనపడలేదే. మసి," అన్నాడు. "రేపు శనివారం కుప్పం పోవాల. దీపకు పరీక్షలు అయిపోయినాయి, సామాన్లన్నీ తేవాల. బండి ఈ రోజుకి నీ దగ్గరే పెట్టుకోని బాగా సూసి పెట్టు. చిప్పు మాట మాత్రం ఎత్తొద్దు," అని బస్సెక్కి మదనపల్లె వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం శంకరప్ప బండి చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో అతనికే తెలియదు. సద్ది తెచ్చిన రాములమ్మ, "యాల అట్ల తిరగతాండావు?" అంటే, ఎందుకో చెప్పకుండా ఇంకో చుట్టు తిరిగాడు. ఆమె వెళ్ళిపోగానే ఇనుప స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. తరువాత అట్ట విప్పాడు. పది నిమిషాల్లో పాత చిప్పు బండిలోకీ, కొత్త చిప్పు బిస్కెట్ డబ్బాలోకీ చేరాయి. తాను దొంగపని చేస్తున్నానని అతనికి తెలుసు. ఆ తప్పు కప్పిపుచ్చుకోవడానికా అన్నట్టు ఆ రోజు ఆ బండికి చెయ్యని సేవ లేదు. కొత్త ప్లగ్గులు వేశాడు, గాలి ఫిల్టర్ మార్చాడు, పెట్రోలు చిమ్మే ఇంజక్టర్లు విప్పి కడిగాడు, టైర్లలో గాలి సరిచూశాడు.

శనివారం పొద్దున రాజగోపాల్ వచ్చి బండి తోలుకుపోయాడు. సాయంత్రం ఫోను మోగింది. కుప్పం నుంచి రాజగోపాల్.

"శంకరప్పా! ఏం జేసినావప్పా బండిని?"

"ఏం... ఏమైందన్నా?"

"బాణం మాదిరి పోతాండాది! ఇంతకుముందు కన్నా బాగుండాది. చిప్పు ఇప్పుడు కుదురుకున్నట్టుండాదప్పా!"

ఫోను పెట్టేశాక శంకరప్ప స్టూలు మీద కూలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెప్పేద్దామనుకున్నాడు. అంత సంతోషంగా ఉన్న మనిషికి ఎట్లా చెప్పడం? ఈసారి బండి వచ్చినప్పుడు చెబుదామని వాయిదా వేశాడు. మేలో బండి వచ్చింది. రాజగోపాల్ హార్స్లీ కొండ మీద బావమరిదిని దాటేసిన కథ చెప్పాడు. శంకరప్ప మళ్ళీ చెప్పలేకపోయాడు.

రాజగోపాల్ మాత్రం మార్కెట్లో, బంకులో, పెళ్ళిళ్ళలో, ఎక్కడ పడితే అక్కడ చిప్పు గొప్ప చెప్పుకోసాగాడు. ఆ మాట కుప్పం దాకా పోయింది.

జూన్‌లో ధనుంజయ అనే కుర్ర మనిషి షెడ్డుకు వచ్చాడు. అతను కుప్పం రైల్వే స్టేషన్ దగ్గర టాక్సీ తోలుతాడు. రాజగోపాల్‌ది ఏ కారో అతనిదీ అదే. "అన్నా, ఆ చిప్పు నా బండికి గూడా ఏస్తావా? ఎగువల్లో ఐదుమందిని ఎక్కించుకుంటే లాగలేకుండా ఉండాది," అని అడిగాడు.

చెప్పడానికి అదే సమయం. శంకరప్ప నోరు తెరిచాడు కూడా. కానీ ఈ మనిషికి చెబితే రేపటికి మదనపల్లె మార్కెట్లో తెలుస్తుంది. "నాకిప్పుడు తీరిక లేదప్పా. అయినా దాని జోలికి పోవద్దు, అది మంచిది గాదు," అని మాత్రం అన్నాడు.

"రాజగోపాలన్నకు మంచిదయింది కదన్నా?"

శంకరప్ప తల వంచుకుని చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ధనుంజయ కాసేపు నిలబడి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. పెద్దవాళ్ళకైతే చేస్తాడు, మనకు చెయ్యడులే అనుకున్నాడో ఏమో. ఆ రాత్రి శంకరప్ప ముద్ద ఎత్తి మళ్ళీ కంచంలోనే పెట్టేశాడు.

జూలై చివర ఒక సోమవారం పొద్దున ధనుంజయ మళ్ళీ వచ్చాడు. ఈసారి కారు లేదు, బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. షెడ్డు గడపలోనే కూర్చుని చెప్పాడు.

కోలారు వైపు ఎవరి చేతనో చిప్పు వేయించాడు. నెల రోజులు బాగానే ఉంది. శనివారం సాయంత్రం, కుప్పం ఆసుపత్రిలో కంటి ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దాయన్ని, ఆయన ఇంటివాళ్ళ ముగ్గురితో పాటు పలమనేరుకు తీసుకెళ్తున్నాడు. సరిగ్గా అడివి మధ్యలో ఎగువలో ఢమ్మని శబ్దమై, వెనకాల తెల్లటి పొగ వచ్చి, బండి ఆగిపోయింది. ఎంత తిప్పినా లేవలేదు. కాసేపటికి పక్కన చెట్లలో కొమ్మలు విరుగుతున్న చప్పుడు.

"అద్దాలన్నీ ఎక్కించుకోని కూసున్నామన్నా. ఆ పెద్దాయనకు కంటికి కట్టు. ఏం జరగతాండాదో కనపడదు. 'ఏందిరా ఆ సప్పుడు, ఏందిరా' అని అడగతాండాడు. మేము గాలి అని చెప్పినాం. గంటన్నర అన్నా. పాల వ్యాన్ వొచ్చి మమ్మల్ని ఎక్కించుకోనింది."

శంకరప్ప అతని పక్కన చతికిలబడ్డాడు. "ఎవురికీ ఏమీ..."

"ఏమీ కాలేదు. దేవుడుండాడు. బండిని మాత్రం లాక్కోనొచ్చి పలమనేరులో పెట్టినా." ధనుంజయ తలెత్తి చూశాడు. "ఒకటడగతా అన్నా. రాజగోపాలన్న బండీ అదే, చిప్పూ అదే. ఆయన బండికి ఏమీ కాలేదు. నాదే యాల పోయింది? ఆయనకు ఏసింది నువ్వే కదా. ఏమన్నా కిటుకుండాదా?"

శంకరప్ప, బండి ఇక్కడికి తెప్పించు, నేను చేస్తాను అని మాత్రం చెప్పి, ధనుంజయను అక్కడే ఉండమని, నీళ్ళు తెచ్చే సాకుతో ఇంటికి నడిచాడు. రాములమ్మ పశువుల కొట్టంలో పేడ తీస్తోంది. ఆమెకు మొదటినుంచి చివరిదాకా చెప్పేశాడు.

"ఆ జీపు అప్పుడు నాకు తెలీదు రాములా, నేను బిగించినానో లేదో. ఇప్పుడు తెలుసు. నేను చెప్పుంటే ఆ పిల్లోడు ఏయించుకోని ఉండడు."

రాములమ్మ చేతులు కడుక్కుంది. "నువ్వు కీడు చెయ్యాలని చెయ్యలేదు. అది నాకు తెలుసు. ఆ పిల్లోనికి తెలీదు కదా. పో, నీళ్ళు తీసుకోని పో. నీళ్ళతో పాటు నిజం గూడా చెప్పు."

అతను చెప్పాడు. ధనుంజయ చెంబు చేతిలో పట్టుకుని, తాగకుండా, అంతా విన్నాడు.

"అయితే ఎవురిని సూసి నేను ఏయించుకున్నానో ఆయన బండిలోనే లేదా?" అన్నాడు చివరికి. "నేను అడిగినప్పుడు ఒక్క మాట చెప్పుంటే పోయేది కదన్నా."

"పోయేదప్పా. తప్పు నాది. నీ బండి మళ్ళీ నడిచేదాకా నేను ఇంకో బండి ముట్టుకోను."

మరుసటిరోజు పొద్దున్నే శంకరప్ప కొత్త చిప్పును జేబులో పెట్టుకుని మదనపల్లె బస్సెక్కాడు. దారి పొడుగునా ఒకే మాటను నాలుగు రకాలుగా కూర్చుకున్నాడు. మార్కెట్లో వేలంపాట జోరుగా సాగుతోంది. టమోటా క్రేట్ల మధ్య రాజగోపాల్ నిలబడి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. శంకరప్పను చూసి, "రా రా శంకరప్పా! ఇదో, ఈయనే మన చిప్పు డాక్టరు!" అన్నాడు పక్కవాళ్ళతో.

కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "అన్నా, కొంచెం పక్కకు రా."

క్రేట్ల చాటుకు పోయాక అరచెయ్యి తెరిచి చిప్పు చూపించాడు. ఇది ఏప్రిల్ నుంచి నా దగ్గరే ఉంది, నీ బండిలో ఉండేది పాతదే అని చెప్పాడు. ధనుంజయ బండి సంగతీ చెప్పాడు.

రాజగోపాల్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని ముఖంలో రంగు మారింది. "అంటే... కొండ మీద మా బావమరిదిని దాటింది?"

"పాత చిప్పుతోనే అన్నా. ప్లగ్గులు కొత్తవి, ఇంజక్టర్లు కడిగినా... దాంతో."

"నా బండి. నేను తెచ్చుకున్న చిప్పు. నన్ను అడక్కుండా తీసేదానికి నువ్వెవురప్పా?"

"దీపమ్మ ఎక్కే బండి అని..."

"నా బిడ్డ సంగతి నాకు చెప్పుంటే నేను వినేవాణ్ణి గాదా?"

"చెప్పినా అన్నా. రెండుసార్లు చెప్పినా."

"మూడోసారి చెప్పాల్సింది!" అని రాజగోపాల్ అరిచాడు. వేలం దగ్గరున్న వాళ్ళు తిరిగి చూశారు. అతను గొంతు తగ్గించాడు. "ఇన్ని దినాలు ఊరంతా చెప్పుకోని తిరిగినా. నువ్వు విని ఊరుకున్నావు. నన్ను పిచ్చోణ్ణి చేసినావు." శంకరప్ప చేతిలోని చిప్పు తీసి జేబులో వేసుకుని, "పో ఇంక," అన్నాడు.

శంకరప్ప పుంగనూరు తిరిగొచ్చి ధనుంజయ ఇంజన్ మీద పడ్డాడు. విప్పి చూస్తే రెండో పిస్టన్ నెత్తిన వేలు దూరేంత బొక్క. ఆ సామాన్లు దొరకడం కష్టంగా ఉన్న రోజులవి. బెంగుళూరుకు రెండుసార్లు పోయి వెతికి తెచ్చాడు. అన్నమాట ప్రకారం పద్దెనిమిది రోజులు షెడ్డులో ఇంకో బండి పెట్టలేదు. ధనుంజయ కూడా రోజూ కుప్పం నుంచి వచ్చి పక్కన కూర్చునేవాడు. మొదట్లో ముక్తసరిగా ఉండేవాడు. వారం దాటాక పానాలూ స్క్రూడ్రైవర్లూ అందించసాగాడు. ఇంజన్ మళ్ళీ బండిలోకి దించేనాటికి రాములమ్మ సద్దిలో అతనికీ ఒక ముద్ద పెట్టి పంపుతోంది.

ఇంజను లేచినరోజు ధనుంజయ తాళం శంకరప్పకు ఇచ్చాడు. "నువ్వే తోలు అన్నా, కుప్పం దాకా."

"నువ్వు తోలప్పా. నేను వింటా," అన్నాడు శంకరప్ప.

ఎండ ఇంకా ఉండగానే బయలుదేరారు. పలమనేరు దాటి అడివిలోకి రాగానే శంకరప్ప అద్దం దించి, చెవి బయటికి పెట్టి కూర్చున్నాడు. ధనుంజయ బండి నిలిచిపోయిన చోటు చూపించి కాలు తొక్కాడు. శంకరప్ప రెండు చేతులతో సీటును పట్టుకున్నాడు. బండి ఎగువ ఎక్కింది. గాలి శబ్దం, టైర్ల శబ్దం, ఇంజను ఒకే రాగం. చింతగింజల గలగల లేదు. అయినా కుప్పం స్టేషన్ ముందు ఆగేదాకా అతను చెవి లోపలికి తీసుకోలేదు. చేరాక చూస్తే ఆ చెవి దుమ్ముతో ఎర్రబడి ఉంది. ధనుంజయ అది చూసి, చాలా రోజుల తరువాత, పగలబడి నవ్వాడు.

ఒక దిగులు తీరింది గానీ ఇంకోటి మిగిలింది. రాజగోపాల్ కోపంతో ఆ చిప్పును ఇంకెవరి చేతనైనా వేయించి ఉంటే? ఆగస్టు గడిచింది, సెప్టెంబరు గడిచింది. మదనపల్లె బండి ఏది వచ్చినా శంకరప్ప అడగబోయి ఆగిపోయేవాడు. అడిగే హక్కు తనకు లేదనిపించేది. శనివారాలు మాత్రం సాయంత్రం ఐదయ్యేసరికి పని వదిలేసి రోడ్డు మీదికొచ్చి నిలబడేవాడు. రెండుసార్లు ఆ కారు షెడ్డు ముందు నుంచే పోయింది. ఆగలేదు. అతను దాని శబ్దం పట్టుకుందామని చూశాడు. సమనేల మీద పోయే బండిలో ఏమీ తెలియలేదు.

దసరా ముందర రాజగోపాల్ డ్రైవర్ నరసింహులు ఆ కారు తెచ్చి షెడ్డులో పెట్టాడు. "ఆయిలు మార్చమన్నాడన్నా. ఇంకేమీ చెప్పలేదు," అని టీకి పోయాడు.

శంకరప్ప బండి పక్కన నిలబడ్డాడు. ముందు సీటు కాళ్ళ దగ్గర అట్ట. నాలుగు స్క్రూలు. విప్పి చూస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాడు కూడా. తరువాత దాన్ని బల్ల మీద పెట్టి, ఫోను దగ్గరికి నడిచి, మదనపల్లె నంబరు తిప్పాడు.

"అన్నా, శంకరప్పను. బండి వొచ్చింది."

అటు నుంచి ఊ అని మాత్రం వినిపించింది.

"ఒకటి అడగాల. ఆ కంప్యూటర్ మూసిన అట్ట విప్పి సూడొచ్చునా?"

వెనకాల మార్కెట్ రొద.

"యాల?"

"దాంట్లో ఏ చిప్పుండాదో తెలీక నాకు రెండు నెలలుగా నిద్ర లేదన్నా. సూసేదే. ముట్టను."

"సూడు," అన్నాడు రాజగోపాల్. "సూసి, ఏముండాదో నాకు చెప్పు."

ఫోను తీగె పొడుగ్గా ఉండడంతో శంకరప్ప దాన్ని లాక్కుంటూ కారు దగ్గరికి వచ్చి, గొట్టాన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు. "మొదటి స్క్రూ తీస్తాండా అన్నా... రెండోది... అట్ట వొచ్చింది... డబ్బా మూత తీస్తాండా..." మూత కింద కంపెనీ చీటీ అంటించిన పాత చిప్పు, ఏప్రిల్‌లో తాను గుచ్చినట్టే ఉంది. దుమ్ము కూడా కదలలేదు.

"పాతదే అన్నా," అన్నాడు శంకరప్ప.

"మరి ఏమనుకున్నావు? ధనుంజయ నా దగ్గరికి వొచ్చి ఆ పిస్టను సూపించిపోయినాడు. నా బిడ్డ ఎక్కే బండి కదప్పా." అన్నాడు రాజగోపాల్. "ఇంకమీద నా బండికి ఏం జేసినా చెప్పి చెయ్యి. నేను తిట్టినా సరే, చెప్పి చెయ్యి."

"అట్లే అన్నా. ఇప్పుడు మూత పెడతాండా. మొదటి స్క్రూ బిగిస్తాండా... రెండోది..."

"సాలప్పా, పెట్టెయ్ ఫోను! ఈడ వేలం జరగతాండాది," అన్నాడు రాజగోపాల్. ఆ గొంతులో నవ్వు ఉందని శంకరప్పకు అనిపించింది.

అతను మిగిలిన స్క్రూలు బిగించాడు. ఒక్కొక్కదాన్నీ మూడుసార్లు తడిమి చూసి, ఆయిలు దించడానికి బండి కిందికి దూరాడు.